రైల్లో తాతకు అత్త చెప్పిన పాఠం

హోసూరు పూల మార్కెట్టు పక్కనుంచి స్కూటరు మీద పోతుంటే, తడి గోనెసంచుల్లో నలిగిన చామంతుల వాసన ఇప్పటికీ నా వేగాన్ని తగ్గిస్తుంది. తాత చామంతులు పండించేవాడు, తొంభైల నాటి మా బాగలూరు ఇల్లంతా ఆ వాసనే. ఉగాదికి అవ్వ కాల్చే ఒబ్బట్లలోని యాలకులు కూడా దాన్ని దాటుకునే మా ముక్కులకు చేరేవి. కోతల రోజుల్లో పిల్లలం పూలగుట్టల చుట్టూ దాగుడుమూతలు ఆడుతుంటే, తాత చూసీ చూడనట్టు బీడీ వెలిగించుకునేవాడు.

ఆ ఇంట్లో మొదట కాలేజీకి పోయింది నాన్న చెల్లెలు సుగుణత్త. రోజూ బస్సులు మారి కృష్ణగిరి వెళ్లి ఫిజిక్స్‌లో బీఎస్సీ చేసింది. పై చదువుకు సేలంలో హాస్టల్లో ఉంటానంటే తాత కాదనలేదు, సరేననీ అనలేదు.

"అంతదూరం పోయి సదివేది ఏందో నాకు అర్థమయ్యేట్టు చెప్పు. అప్పుడు చూస్తాం" అన్నాడు.

ఆ వేసవిలో బంధువుల పెళ్లికి తాత, అత్త, నేను హోసూరులో ధర్మపురి రైలెక్కాం. కిటికీ అవతల మామిడితోపులు, బండల గుట్టలు వెనక్కి జరుగుతుంటే, అత్త ఒక నిమ్మకాయను పైకెగరేసి పట్టుకుంది.

"చూడు నాయనా, రైలు పోతాన్నా కాయ నా చేతిలోకే పడింది. కుదుపు లేకుండా ఒకే వేగంతో పోతాంటే, కిటికీలు మూసుకొని ఈడ ఏం చేసినా, కదులుతాండామో నిలిచుండామో తెలీదు. బయట నిలబడినోడికి మాత్రం ఆ కాయ ముందుకు పోతా ఎగిరినట్టు కనిపిస్తాది. రైలు వేగం దానికి కలుస్తాది గదా. వెలుతురికి అట్లా కలవదు. ఎవరు చూసినా దాని వేగం ఒకటే."

"అయితే ఏమాయె?"

"ఈడ కిందనుంచి టార్చి వెలుతురు పైకప్పులో అద్దానికి తగిలి తిరిగొచ్చిందనుకో. మనకు నిలువు దారి. రైలు ముందుకు జరుగుతాంటాది కాబట్టి బయటోడికి ఏటవాలు దారి, దూరమెక్కువ. వేగం అదే కాబట్టి వాడికి ఎక్కువసేపు పడతాది. అంటే, వాడు చూస్తే మన గడియారం నిదానంగా నడుస్తాది."

తర్వాతి స్టేషన్ దాటాక తాత అడిగాడు: "అట్లయితే రోజూ బస్సులో తిరిగే నీకు ముసలితనం ఆలస్యంగా వస్తాదా?"

"వస్తాది నాయనా. మన గడియారాలకు అందనంత చిన్న తేడా. దాదాపు వెలుతురంత జోరుగా పోతేనే బాగా తెలిసేది."

ఎదురు సీట్లో కూర్చున్నామె నవ్వి నాకో మురుకు ఇచ్చింది. తాత కూడా నవ్వాడు కానీ, హాస్టలు మాట ఎత్తలేదు. పెళ్లిలో అత్త ముభావంగానే తిరిగింది.

ఊరికొచ్చిన మర్నాడు తాత నన్ను వెంటబెట్టుకొని టీ అంగడికి పోయి, అక్కడున్న రైతులకు ఆ పాఠమంతా చెప్పడం మొదలుపెట్టాడు. నిమ్మకాయ దాకా దర్జాగా సాగింది. అప్పుడు పక్క తోట మునియప్ప అడిగాడు: "వెలుతురికి రైలు వేగం ఎందుకు కలవదప్పా?"

తాత చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి లేచాడు. ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా వాకిట్లోంచే పిలిచాడు.

"సుగుణా, నలుగురిలో మునియప్ప నన్ను నిలేసినాడు. ఎందుకు కలవదు?"

"కలవదని కొలిచి చూసినారు నాయనా. ఎందుకంటే నాకూ తెలీదు. దానికే ఇంకా సదవాలంటాండాను."

"అయితే పో. తెలుసుకొని వచ్చి చెప్పు."

అవ్వ ఆ సాయంత్రమే హాస్టలుకని పొడులు దంచడం మొదలుపెట్టింది. అత్త ట్రంకుపెట్టె సేలందాకా మోసింది తాతే. ఆమె సెలవులకు వచ్చినప్పుడల్లా టీ అంగడిలో మళ్లీ అదే వాదన; మునియప్ప ప్రతిసారీ కొత్త చిక్కు తెచ్చేవాడు.

అత్త ఇప్పుడు కృష్ణగిరిలో పాఠాలు చెబుతోంది. తాత లేడు, మునియప్ప లేడు, టీ అంగడి రోడ్డు వెడల్పు పనుల్లో పోయింది. వాదన తెగలేదని, వచ్చిన బస్సును వదిలేసి ఇంకో టీ చెప్పి కూర్చునే మనుషులు ఆ రోడ్డు మీద ఇప్పుడు కనిపించరు.