అందరికీ ఒకటే పాస్‌వర్డ్

మధ్యాహ్నం అన్నానికి వెళ్లేటప్పుడు కోమల షాపు షట్టరు సగమే దించేది. కంప్యూటర్ ఆపేది కాదు. ఆపితే వేలిముద్రల మిషన్ మళ్లీ అందుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టేది, అంతసేపూ గడపలో నిలబడ్డవాళ్లకు సమాధానం చెప్పాల్సి వచ్చేది. షాపు చౌటుప్పల్‌లో తహసీల్దార్ ఆఫీసు సందులో ఉంది. ఇల్లు రెండు సందుల అవతల. తిని రావడానికి నలభై నిమిషాలు.

2016లో డిగ్రీ అయిపోగానే పెట్టిందా షాపు. జిరాక్స్, ఫొటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. తండ్రి ఇస్రాయేలు అప్పటికి హైవే పనిలో కూలీ. వాళ్ల కాలనీ నుంచి ఆ సందులో షట్టరు తెరిచిన మొదటి మనిషి కోమలే. రెండేళ్లకు తండ్రి పోయాడు. ఆయన పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, దాని వెనక షాపు పెట్టిన సంవత్సరం. అది ఆమె పాస్‌వర్డ్. ఆమెదే కాదు, ఆమె దగ్గరికి వచ్చిన వాళ్లందరిదీ అదే.

ఇందులో తప్పుందని ఎవరూ అనుకోలేదు. స్కాలర్‌షిప్పుకు వచ్చే పిల్లలకు మెయిల్ ఉండదు, కోమలే తయారుచేసేది. ఏడాది తర్వాత వాళ్లే వచ్చి పాస్‌వర్డ్ యాదిలేదక్కా అనేవాళ్లు. నాలుగుసార్లు అట్లా తంటాలు పడ్డాక అందరికీ ఒకటే పెట్టేసింది. కీబోర్డు వెనక అట్టముక్క మీద మార్కర్‌తో రాసి కూడా అతికించింది. ఫోన్ నెంబర్ల సంగతీ అంతే. ఇంటికి ఒక ఫోనుంటుంది, అది తండ్రితో పాటు షిఫ్టుకు పోతుంది, రీచార్జి అయిపోతే నెలల తరబడి మూగగా ఉంటుంది. అందుకని దరఖాస్తుల్లో తన నెంబరే ఇచ్చేది. ఓటీపీలు పొద్దస్తమానం వస్తుంటే ఫోన్ తీసి చూడలేక, మెసేజీలు కంప్యూటర్ తెర మీదే కనిపించేలా కలిపి పెట్టుకుంది. ఆధార్లు, పాస్‌బుక్కులు, మార్కుల మెమోలు ఊరికొక ఫోల్డర్‌లో ఉండేవి. మా కాయితాలకేం ఫికర్ లేదు, కోమల దగ్గరున్నయి అని జనం చెప్పుకునేవాళ్లు.

మొన్నటి చలికాలంలో వేలిముద్రల మిషన్ మొరాయించింది. సర్వీసు మనిషి హైదరాబాద్ నుంచి రాలేనని, ఫోన్లోనే ఒక యాప్ పేరు చెప్పి కంప్యూటర్లో వేయించాడు. అక్కడ కూర్చుని ఇక్కడి మౌస్ కదిలించి పది నిమిషాల్లో బాగుచేశాడు. యాప్ అట్లాగే ఉంచమన్నాడు, ఇంకోసారి పిలిచే పనుండదన్నాడు. దానికి పాస్‌వర్డుగా నాలుగు అంకెలు తనే పెట్టాడు. ఆమె ఉంచింది.

జూలైలో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ వచ్చింది. పిల్లలు తమకు కావలసిన కాలేజీలను వరుసగా ఆన్‌లైన్లో పెట్టుకోవాలి. ర్యాంకును బట్టి, పెట్టుకున్న వరుసను బట్టి సీటు వస్తుంది. ఆ నెల కోమల దగ్గర నలభై మందికి పైగా పెట్టించుకున్నారు. అందులో వర్షిత ఒకతె. తండ్రి దుర్గయ్య ఒక మందుల కంపెనీ గేటు దగ్గర కాపలా. వర్షిత నోటుబుక్కు కాగితం మీద వరుస రాసుకొచ్చింది. మొదటిది పానగల్‌లోని సర్కారు కాలేజీ. ఆమె ర్యాంకుకు అది వచ్చేదే. మేనత్త ఇల్లు అక్కడే, తినడానికీ ఉండటానికీ ఇబ్బంది లేదు. అది కాక ఇంకెక్కడికీ పంపలేనని దుర్గయ్య ముందే చెప్పాడు. కోపంగా కాదు, ఉన్నమాటగా.

ఆఖరి రోజు పొద్దున కోమల ఆప్షన్లన్నీ ఎక్కించి, ప్రింటు తీసి వర్షిత చేతికిచ్చింది. ఒంటిగంటన్నరకు షట్టరు సగం దించి ఇంటికి పోయింది. అన్నం తింటుండగా ఫోన్ ఆరుసార్లు మోగింది. ఓటీపీలు. పిల్లలు ఏదో మార్చుకుంటున్నారనుకుంది. మార్చుకునేవాళ్లు ఎప్పుడూ ఫోన్ చేసి ఆ నెంబరు అడిగేవాళ్లు. ఆ రోజు ఎవరూ అడగలేదన్నది ఆమెకు తట్టలేదు.

తిరిగొచ్చేసరికి ఆటో నడిపే ఐలేశం లైసెన్సు జిరాక్స్ కోసం షట్టరు కింద వంగి లోపలికి చూస్తున్నాడు.

“మేడం, నువ్వు బువ్వ తినొచ్చేదాంక నీ మిషిని దానంతటదే పని చేసుకుంటాంది. బాణం గుర్తు అటు ఉరుకుతాంది, ఇటు ఉరుకుతాంది. ఇగ నీ జీతం దానికే ఇయ్యి” అన్నాడు.

“సర్వీసాయన హైదరాబాద్‌ల కూసొని చూస్తున్నడేమో తియ్యి అన్నా” అని కోమల నవ్వింది. జిరాక్స్ తీసిచ్చింది.

సీట్లు ప్రకటించిన రోజు సందు నిండా పిల్లలు. మొదటి ఇద్దరికి ఒకే కాలేజీ వచ్చింది. హైదరాబాద్‌కు అవతలి వైపు, ఎవరూ పేరు వినని ప్రైవేటు కాలేజీ. కాకతాళీయమనుకుంది. మూడో కాగితం మీదా అదే పేరు. నాలుగోది వర్షితది.

“అక్కా, నేను గీ కాలేజే పెట్టలే గదా.”

కోమల లాగిన్ చేసి చూసింది. ఆ కాలేజీ మొదటి వరుసలో ఉంది, పానగల్ అసలు లేదు. చివరిసారి మార్చిన సమయం పక్కనే ఉంది: మధ్యాహ్నం ఒకటి యాభై రెండు. ఐలేశం మాట అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రానికి లెక్క తేలింది. ఆరుగురు.

సర్వర్ తప్పని చెప్పమని పక్క జిరాక్సతను సలహా ఇచ్చాడు. ఎవరు అడుగుతారు, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. ఒక గంట ఆమె ఆ మాట పట్టుకునే కూర్చుంది. తర్వాత షట్టరు పూర్తిగా దించి, స్కూటీ మీద వర్షిత వాళ్ల ఊరికి పోయింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. అట్టముక్క గురించి, యాప్ గురించి కూడా. దుర్గయ్య యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నాడు.

“మాకు తెల్వకనే గదా బిడ్డా నీ చేతుల పెట్టింది. నీకు గూడ తెల్వదంటే ఇగ మేం ఎవల్నడగాలె?” అన్నాడు.

వర్షిత బయటికి రాలేదు.

కౌన్సెలింగ్ సహాయ కేంద్రంలో మార్చడం కుదరదన్నారు. ఓటీపీ కొట్టి చేసిన మార్పు విద్యార్థి చేసినట్టే లెక్క అన్నారు. పోలీసుల దగ్గర, పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసని అడిగాడు రాసుకుంటున్న అధికారి. అందరిదీ అదే సార్ అంది. అతను కలం ఆపి, అందరిదీ అంటే ఎంతమందిదని అడిగాడు. ఆమె షాపుకొచ్చినవాళ్ల పేర్లు, నెంబర్లు రాసుకునే రిజిస్టరు చూపించింది. పదకొండు వందల నలభై ఆరు పేర్లు. సీట్లు నింపినందుకు కాలేజీల దగ్గర కమీషన్ తీసుకునే వాళ్ల పని అయి ఉంటుందన్నారు గానీ, ఆ మధ్యాహ్నం కంప్యూటర్లోకి వచ్చింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఆ సర్వీసు మనిషి నాలుగైదు మండలాల్లో అన్ని షాపులకూ అవే నాలుగు అంకెలు పెట్టాడన్నది మాత్రం తేలింది.

సాక్ష్యం కోసం కంప్యూటర్ డబ్బా తీసుకుపోయారు. ఎనిమిదేళ్ల కాగితాలు దానితోనే పోయాయి. వాటి నకళ్లు ఇంకెవరి దగ్గరకు చేరాయో చెప్పగలిగిన వాళ్లు లేరు.

కోమల రిజిస్టరు ముందేసుకుని పాస్‌వర్డ్ మార్చుకోమని వరసగా ఫోన్లు చేసింది. సగం నెంబర్లు పనిచేయలేదు. ఎత్తినవాళ్లు ఎక్కువమంది, ఏందో ఒకటి నువ్వే పెట్టు అన్నారు. పాతదే పెట్టరాదు, నోటికొచ్చింది అని ఒకాయన విసుక్కున్నాడు. వేలిముద్ర వేసి పింఛను తీసుకునే బిక్షమ్మ అంతా విని ఒకటే అడిగింది.

“మరి నా ఏలుముద్ర గూడ మార్చుకోవాల్నా బిడ్డా?”

కోమల తర్వాత చేద్దాం అవ్వా అని ఫోన్ పెట్టేసింది. అది మార్చుకోగలిగేది కాదు. మూడు వారాల ఫోన్ల తర్వాత సొంతంగా పాస్‌వర్డ్ మార్చుకున్నవాళ్లు ముప్పై ఒక్కరు.

రెండో విడత కౌన్సెలింగ్‌కు వర్షిత మళ్లీ పెట్టుకుంది. పానగల్‌లో ఆమె ర్యాంకుకు అందే సీట్లు మొదటి విడతలోనే నిండిపోయాయి. ఆరుగురిలో ఇద్దరు ఆ ప్రైవేటు కాలేజీలోనే చేరారు. ఒకబ్బాయి కొరియర్ డెలివరీకి కుదిరాడు. వర్షిత, తన తండ్రి పనిచేసే కంపెనీలోనే మాత్రల ప్యాకింగ్‌లో చేరింది. పొద్దున ఆరింటి షిఫ్టు.

సెప్టెంబరులో ఒకరోజు షిఫ్టు దిగి తండ్రీ కూతురూ షాపుకొచ్చారు. దూరవిద్యలో డిగ్రీకి దరఖాస్తు పెట్టాలన్నారు. సందులో ఇంకో మూడు షాపులున్నాయి, ఇక్కడికే ఎందుకొచ్చారని కోమల అడగలేదు. అరువు తెచ్చుకున్న లాప్‌టాప్ తెరిచి వివరాలు నింపింది. పాస్‌వర్డ్ దగ్గరకు వచ్చాక లాప్‌టాప్‌ను వర్షిత వైపు తిప్పి, తను గోడ వైపు తిరిగి నిలబడింది. వర్షిత రెండుసార్లు కొట్టింది.

“గది నీ రిజిష్టర్ల రాసుకో బిడ్డా, మల్ల మేం మర్చిపోతం” అన్నాడు దుర్గయ్య.

కోమల రాసుకోలేదు. కింది గడిలో దరఖాస్తు ఫోన్ నెంబరు అడిగింది. ఓటీపీ దానికే వస్తుంది. దుర్గయ్య ఫోన్ తీసి చూపించాడు. రీచార్జి అయిపోయి నెల దాటింది, మెసేజీలు రావడం లేదు. దరఖాస్తుకు అది ఆఖరి రోజు. వర్షిత తెర వైపే చూస్తోంది.

కోమల తన నెంబరే కొట్టింది. కంప్యూటర్ పోయాక ఆమె నెంబరు మీద పెట్టిన దరఖాస్తుల్లో అది ముప్పై ఎనిమిదోది.