స్టవ్వు పుస్తకంలో నూనె అన్న మాట

నా చిన్నప్పుడు జడ్చర్ల దగ్గరి మా ఊళ్లో పంపు స్టవ్వు ఉన్న ఇల్లు మాదొక్కటే. అమ్మకు దమ్ము. కట్టెల పొగకు ఊపిరాడక గోడ పట్టుకుని నిలబడేది. అందుకే బాపు పట్నం నుంచి ఆ స్టవ్వు తెచ్చాడు. దానితో కంపెనీవాళ్ల చిన్న పుస్తకం కూడా వచ్చింది. అందులో స్టవ్వును నిలువునా కోసినట్టు ఒక బొమ్మ, భాగభాగానికీ ఒక అంకె, చెడిపోతే ఇంట్లోనే ఎలా బాగుచేసుకోవాలో తెలుగులో వివరం. మనుషుల ముందు నోరు విప్పని నేను ఆ పుస్తకాన్ని గుసగుసగా ఎన్నిసార్లు చదివానో! మా వంటింట్లో రేపు ఏం చెడిపోతుందో ఎక్కడో ఉన్నవాళ్లకు ముందే ఎలా తెలిసిందా అని అబ్బురపడేదాన్ని.

ముసురు పట్టిన ఒక పొద్దున, పంపు ఎంత కొట్టినా గాలి నిలవలేదు. అమ్మ మళ్లీ తడి కట్టెల ముందు కూర్చుంది. నేను పుస్తకం తెచ్చి బాపుకు చదివి వినిపించాను. పంపులోని తోలు వాషరు ఎండిపోతే గాలి నిలవదట, నూనెలో నానబెట్టి అంచు విప్పాలట. మా వైపు స్టవ్వులో పోసేదాన్ని గ్యాస్‌నూనె అంటాం. స్టవ్వు పుస్తకం నూనె అంటే అదే కదా అనుకుని అందులోనే నానబెట్టాం. మధ్యాహ్నానికి వాషరు అట్టముక్కలా బిగుసుకుపోయింది.

“బుక్కు లేదు, గిక్కు లేదు. రేపు దుకాణంల వాపస్ ఇచ్చొస్త” అన్నాడు బాపు విసుగ్గా. లోపల అమ్మ దగ్గు ఆగడం లేదు. తప్పంతా నా చదువుదే అనిపించి నేను తల ఎత్తలేదు.

మా అవ్వకు, అంటే బాపు తల్లికి, అక్షరం ముక్క రాదు. స్టవ్వును బుసకొట్టే దయ్యమనేది. ఆమె వచ్చి నా పక్కన చతికిలబడింది.

“బిడ్డా, పొయ్యిల పోసేదాన్ని బుక్కుల ఏమని రాసిండ్రు?”

“కిరసనాయిలు అని, అవ్వా.”

“మరి తోలుకు పెట్టేదాన్ని?”

“నూనె అని.”

“రెండు పేర్లు పెట్టిండ్రంటే రెండూ ఒకటెట్లయితయి?” అని బాపు వైపు తిరిగింది. “బాయిల నీళ్లు తోడే మోట తోలుకు ఏటేటా ఆముదం పట్టించినవ్ గద కొడుకా, స్టవ్వు రాంగనే గది గూడ మరిచినవా?”

బాపుకు నవ్వాగలేదు.

అవ్వ ఆముదం గోరువెచ్చగా చేసి, బొటనవేలితో రుద్ది రుద్ది ఆ తోలు అంచును పువ్వులా విప్పింది. బాపు దాన్ని బిగించి, స్టవ్వు వెలిగించి పంపు కొట్టాడు. బుస్సుమని నీలిమంట లేచింది. అవ్వ బెదిరి రెండడుగులు వెనక్కి వేసింది. అమ్మ వచ్చి మంట ముందు కూర్చుని, నిండుగా ఊపిరి పీల్చుకుంది.

అక్షరాలు చదివింది నేను, పుస్తకం అర్థమైంది అవ్వకు. ఆమెను ఎంతసేపు చూశానో.

“రాసిపెట్టు బిడ్డా, మల్ల మరుస్తరు” అంది అవ్వ. అచ్చు పుస్తకంలో రాయాలంటే భయమేసింది. అయినా ‘నూనె’ పక్కన పెన్సిలుతో ‘ఆముదం. మా అవ్వ చెప్పింది’ అని రాశాను. బళ్లో చెప్పి రాయించే పాఠంలా కాక, నాకై నేను రాసిన మొదటి వాక్యం ‘మా అవ్వ చెప్పింది’ అన్నదే. ఇప్పటికీ అచ్చులో ఉన్నదాన్ని చదివేటప్పుడు చేతిలో పెన్సిలు పట్టుకునే కూర్చుంటాను.