సదాశివరావు గారి ఇసుక లారీ

సదాశివరావు గారికి ఏ సంగతైనా మొదటినుంచి చెప్పడమే వచ్చు. టైమెంతయిందని అడిగితే, ఆ చేతిగడియారం ఏ ఊళ్ళో కొన్నదీ, బేరమాడితే షాపువాడు ఎంత విసుక్కున్నదీ చెప్పాకగాని ముల్లు జోలికి రారు. ఈలోగా అడిగినవాడి బస్సు వెళ్ళిపోతుంది. పార్కులో ఆయన ఎదురైతే నడిచేవాళ్ళు పరుగు లంకించుకుంటారని ఫరీదాబాదులో ఆ సెక్టారంతా చెప్పుకుంటారు.

భార్య అనసూయ బతికున్నంతకాలం పక్కన కూర్చుని తొడ మీద గిల్లేది. ఒక్క గిల్లుకి పదేళ్ళు దాటేసి అసలు విషయానికి వచ్చేవారు. ఆవిడ పోయాక గిల్లే చెయ్యి లేదు, కథకి అడ్డూ లేదు. గురుగ్రామ్‌లో ఉద్యోగం చేసే కూతురు కిరణ్మయి ఫోను స్పీకర్లో పెట్టి, తన పని తాను చేసుకుంటూ, మధ్యమధ్య "ఊఁ, అచ్ఛా" అనేది.

అలాంటి మనిషి నెత్తిన ఇన్సూరెన్సు క్లెయిము పడింది.

మే నెలలో వచ్చిన ఆంధీకి, ఆ దుమ్ముగాలివానకి, డాబా మీది గది కప్పు కుప్పకూలింది. ఆ గదిలో అద్దెకుండి, తెలుగు కుర్రాళ్ళకి క్యారేజీలు కట్టి బతికే నాగేంద్రమ్మ మీద దూలం పడి కాలు విరిగింది. కిరణ్మయికి ఫోనులో తెలిసింది అంతే. ఆస్పత్రినుంచి ఆవిడని తెచ్చి కింద హాల్లో మంచం వేశారు. పొయ్యి, గిన్నెలు పైన ఆరుబయట పడి ఉన్నాయి. వానాకాలం ముంచుకొస్తోంది. క్లెయిము రాకపోతే కప్పు లేదు, కప్పు లేకపోతే ఆవిడకి కూడూ గూడూ లేవు. ఊరెళ్ళిపోదామన్నా అక్కడ ఆవిడ కోసం తలుపు తీసేవాళ్ళెవరూ లేరు.

హెల్ప్‌లైను అమ్మాయి "డ్యామేజ్ కైసే హువా, సర్?" అని, నష్టం ఎలా జరిగిందో అడిగింది. సదాశివరావు గారు తాము ఉద్యోగానికని ఢిల్లీ రైలెక్కిన రోజునుంచి అందుకున్నారు. స్థలం కొని, పునాది తవ్వించి, ఇసుక లారీ మాయమైన ఘట్టానికి వచ్చేసరికి లైను తెగింది. మళ్ళీ చేస్తే ఇంకో అమ్మాయి. మళ్ళీ రైలెక్కారు. ఆ కంపెనీలో ఒక్కరూ ఇసుక లారీ దాటి ముందుకి రాలేదు.

చివరికి నవదీప్ అనే సర్వేయరు వచ్చాడు. ఢిల్లీ ద్వారకలో పుట్టి పెరిగిన తెలుగువాడని తెలియగానే, ఆ రోజు సెలవు పెట్టి వచ్చిన కిరణ్మయి గుండె జారిపోయింది. వచ్చీరాని హిందీలోనే నాన్న అంత చెప్పారు. తెలుగువాడు దొరికాడంటే ఇక గట్టు తెగినట్టే.

నవదీప్ పైకెళ్ళి ఫోటోలు తీసుకుని ముఖం ముడుచుకుని దిగాడు.

"అంకుల్, గాలికి విరిగిన రేకు ఇలా ఉండదు. కట్టర్‌తో కోసినట్టు సాఫ్‌గా ఉంది. దూలం కూడా కోసిందే. ఎవరు కోశారు?"

"అదే చెప్తున్నా బాబూ. నేను ఢిల్లీ రైలెక్కిన రోజు..."

"సీదా బోలియే అంకుల్, సూటిగా చెప్పండి. పాత కప్పు మీరే విప్పించారా?"

"తొందరపడకు. పునాది తవ్వేటప్పుడు..."

కిరణ్మయి అమ్మలాగే తొడ మీద ఒక గిల్లు గిల్లింది. ఆయన ఉలిక్కిపడి, ఎక్కడ ఆపారో మరిచిపోయి, మళ్ళీ రైలెక్కారు.

నవదీప్ పెన్నుకి మూత పెట్టేశాడు. "సారీ అంకుల్. రిజెక్ట్ అనే రాయాలి."

మంచం మీదినుంచి నాగేంద్రమ్మ లేవబోయి, కాలు కలుక్కుమనడంతో మళ్ళీ ఒరిగిపోయింది.

"ఆగు బాబూ. ఆయన కథ ఇసుక లారీ దాటదు. నే చెప్తాను, వెనకనించి. కోసింది ఫైరింజనోళ్ళు. నా కాలు దూలం కింద ఇరుక్కుంటే కోసి తీశారు."

"ఇంతసేపూ అంకుల్ చెప్పలేదే!"

"ఇంకా విను. దారంతా చెట్లు కూలి ఫైరింజను ఎంతకీ రాలేదు. ఒకటే వాన. నెత్తిమీద మిగిలిన రేకులు ఊగుతా ఉన్నాయి. కిందకి పొండి బాబూ అంటే పోలేదు ఈయన. నా పక్కనే బోర్లా పడుకుని, సందులోంచి నా చెయ్యి పట్టుకుని కథ మొదలెట్టారు. నా కళ్ళు మూతలు పడతంటే, 'తర్వాతేమయిందో అడగవేం నాగేంద్రమ్మా!' అని ఒకటే గదమాయింపు. అడిగేదాన్ని. ఇసుక లారీ మాయమయ్యేసరికి ఫైరింజనొచ్చింది. లేకపోతే నేనే మాయమైపోదును."

కిరణ్మయికి అప్పుడు అర్థమయింది. రోజూ ఫోనులో నాన్న చెప్పబోయింది ఇదే. తను "ఊఁ, అచ్ఛా" అంటూనే ఉంది. సిగ్గుతో తల దించుకుంది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా, నాన్నా?"

"వరసలో రావద్దూ?" అన్నారాయన, నొచ్చుకుంటూ.

నవదీప్ పెన్ను మూత తీశాడు. "ఫైర్ సర్వీస్ వాళ్ళ రిపోర్టు ఒకటి తెప్పించండి, అంకుల్. మనిషిని తియ్యడానికే కోశారని రాస్తాను. క్లెయిముకి ఇంక అడ్డు లేదు."

నాగేంద్రమ్మ చేతులు జోడించింది. తర్వాత సదాశివరావు గారి వైపు తిరిగింది.

"ఇంతకీ రావుగారూ, ఆ ఇసుక లారీ దొరికిందా లేదా? ఆస్పత్రిలో అదే బెంగ నాకు."

"అక్కడికే వస్తున్నా. అయితే మొదటినుంచి చెప్పాలి."

నవదీప్ బూట్లకి లేసులు కట్టుకోకుండానే గేటు దాటాడు. కిరణ్మయి ఫోను ఆపేసి పక్కన పెట్టి, మంచం దగ్గరికి కుర్చీ జరుపుకుంది.

"ఎక్కు నాన్నా, రైలు," అంది.