ఇరవై ఆరో పొయ్యి

1959 జూన్ 15, సోమవారం నాడు హుజూరాబాద్ తాలూకాలోని ఒక అభివృద్ధి బ్లాకులో ముఖ్యసేవికగా చేరాను. ఊళ్లలో ఆడవాళ్లకు సంబంధించిన పనులన్నీ ముఖ్యసేవికవే. పసిపిల్లల తూకం, కుట్టుపని, పెరటి కూరగాయలు, అన్నిటికీ మించి పొగలేని పొయ్యి. అప్పటికి నాకు నలభై ఒకటి. రెండేళ్లు ప్రొబేషన్, అంటే పని నచ్చితేనే కొలువు ఖాయం. నచ్చకపోతే ఇంటికి. ఇంట్లో మా అత్తమ్మ ఉంది. అందుకే కొలువు నాకు చాలా అవసరం.

పొగలేని పొయ్యి అంటే మట్టితో కట్టే పొడవాటి పొయ్యి. రెండు కన్నాలు. ముందుదాని మీద అన్నం, వెనకదాని మీద పప్పు ఉడుకుతాయి. పొగ ఆరడుగుల మట్టిగొట్టంలోంచి ఇంటికప్పు దాటిపోతుంది. మూడు మైళ్ల దూరంలోని ఒక ఊళ్లో ఇవి పాతిక కట్టించాను. ప్రతిదాన్నీ వంగి అలికి చూపించాను. లేవడానికి ప్రతిసారీ ఇద్దరి సాయం కావలసివచ్చింది.

ప్రతి బుధవారం పది గంటలకు ఎడ్లబండిలో వెళ్లి పొయ్యిలు చూసేదాన్ని. ఒక్క బుధవారం తప్పలేదు, ఒక్కసారీ ఆలస్యం కాలేదు. పాతిక ఇళ్లలోనూ పొయ్యిలు మండుతుండేవి. నా డైరీలో అలాగే రాసుకున్నాను.

1961 ఏప్రిల్ 11న కరీంనగర్ నుంచి తనిఖీ అధికారి చెప్పకుండా వచ్చాడు. పాతిక పొయ్యిలూ వాడుకలో ఉన్నాయని ఆయన రాస్తే నా కొలువు ఖాయమయ్యేది. ఆ రోజు మంగళవారం.

మొదటి ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది. వంట దాని పక్కనే మూడు రాళ్ల మీద ఉడుకుతోంది. రెండో ఇంట్లో ఆయన వంగి పొయ్యిలో చెయ్యి పెట్టి, ఠక్కున వెనక్కి తీసుకున్నాడు. లోపల కోడి పొదుగుతోంది. పదకొండు గుడ్లు. ఇదేమిటని అడిగితే ఆ ఇల్లాలు ఏమీ తడబడలేదు.

"ఇయ్యాల మంగళారం గద సారు. అమ్మగారు బుధారం వస్తది. రేపు పొద్దుగాల కోడిని గంపలకు మారుస్తుంటి."

మూడో ఇంటికి ఆయన వెళ్లలేదు. మీ ఇంట్లో ఏ పొయ్యి ఉందని నన్ను అడిగాడు. జీపులో మా ఇంటికి వెళ్లాం.

వంటింట్లో మా అత్తమ్మ పాత కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొగ గడపదాకా పరుచుకుని ఉంది. అధికారి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఊరందరికీ చెప్పేవాళ్ల ఇంట్లోనే ఇదేమిటని నన్ను అడిగాడు. జవాబు అత్తమ్మ చెప్పింది.

"కొలువు దానిది సారు, మక్కలు నావి. జర మీదికి జూడు."

చూశాడు. నేనూ చూశాను. దూలానికి జంటలు జంటలుగా కట్టిన మక్కలు, విత్తనానికి దాచిన మొక్కజొన్న కంకులు, మసితో నల్లగా.

"పొగ బంద్ జేస్తే పురుగు పడ్తది. విత్తనం పోతే వానకాలం ఏం పెడ్తం? గీమె కాయితాలు పెడ్తమా?"

ఆయన నా సర్వే ఫారాలు తెప్పించి చూశాడు. ఇంటికొక ఫారం, ఫారానికి పద్నాలుగు గడులు. తినేవాళ్లెందరు, కట్టెలు ఎంత దూరం నుంచి తెస్తారు, దగ్గు ఎవరికుంది, అన్నీ నింపాను. పొయ్యి మీద దూలానికి ఏం వేలాడుతుందన్న గడి అందులో లేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. అత్తమ్మ రెండేళ్లుగా చెబుతూనే ఉంది, మొండితనమనుకున్నాను. ఆయన ప్రొబేషన్ ఆరునెలలు పొడిగించి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అత్తమ్మ వెక్కిరింపుగానే అంది: "గంత చదివినవు, గొట్టానికొక కిటికి పెట్టరాదు?"

నాకు వెక్కిరింపు వినబడలేదు, ఉపాయం వినబడింది. కుమ్మరితో గొట్టానికి ఛాతీ ఎత్తులో జానెడు కన్నం, దానికి మట్టిమూత చేయించాను. వంట వండేటప్పుడు మూత వేయాలి. వంటయ్యాక పచ్చికట్టె ఒకటి పెట్టి మూత తీస్తే పొగ దూలానికి పోతుంది. అప్పుడు వంటింట్లో ఎవరూ ఉండనక్కరలేదు. మొదటిది మా ఇంట్లో కట్టాను, అది ఇరవై ఆరో పొయ్యి. అత్తమ్మ వారం రోజులు దాని మీద వండింది, బాగుందని మాత్రం అనలేదు. పాత పొయ్యి రాళ్లు తీసి తులసిగద్దె కింద పెట్టింది. తరువాత పాతిక ఇళ్లలోనూ మూతలు పెట్టించాను. బొమ్మ గీసి పైకి పంపితే, ఆమోదించిన నమూనాలో మూత లేదని జవాబొచ్చింది. దాన్ని ఫైలులో పెట్టాను.

అక్టోబరు 17న, మళ్లీ మంగళవారమే, అదే అధికారి వచ్చాడు. పాతికలో ఇరవై రెండు మండుతున్నాయి. ఒకటి వానకు కూలింది, ఒక ఇంటికి తాళం ఉంది, ఒకదానిలో మళ్లీ అదే కోడి, ఈసారి పదమూడు గుడ్ల మీద. కొలువు ఖాయమైంది.

ఆ తరువాత 1973లో రిటైరయ్యేదాకా ప్రతి ఫారంలో పదిహేనో గడి నేనే గీసుకునేదాన్ని. బుధవారాలు వెళ్లడం మానేశాను. ఏ వంటింట్లోకి వెళ్లినా ముందు తలెత్తి దూలం చూసి, తరువాతే వంగి పొయ్యి చూసేదాన్ని. పైన వేలాడేది చూస్తేనే ఆ ఇంటికి పొగ కావాలో వద్దో తెలిసిపోయేది, చాలాసార్లు వంగే పనే ఉండేది కాదు.