ఒకే మేడ నుంచి రెండు ఫోన్లు

మా కోడలికి నేను అత్తగారినన్న సంగతి ఊరంతటికీ తెలుసు, ఆమెకే అప్పుడప్పుడు గుర్తుండదు. నా ఇంట్లో, నా కిటికీ దగ్గర నేను నిలబడితే "అత్తయ్యా, కాస్త పక్కకి జరగండి, వెలుతురు పడట్లేదు" అంటుంది. మొండిఘటం. పట్టిన పట్టు విడవదు. దీన్ని పొగడ్త అనుకున్నా, తిట్టు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే రెండూ నిజమే.

ఆమె పనిచేసే చిన్న కంపెనీ అంబులెన్సుల కాల్ రూమ్‌కి సాఫ్ట్‌వేర్ రాస్తుంది. చాలా ఏళ్ళు ఆమెది ఇతరులు రాసిన దాంట్లో తప్పులు వెతికే ఉద్యోగం. రాసేవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నాక, "నేను రాస్తాను సర్, ఏజెంట్లని ఇవ్వండి చాలు" అని మేనేజరుని అడిగింది. ఏజెంట్లంటే మనుషులు కారు, మనం చెబితే కోడు రాసిపెట్టే యంత్రాలు. మేనేజరు పెదవి విరిచాడు. నెలాఖరు సోమవారం కాల్ రూమ్ వాళ్ళకి చూపించాలనీ, వాళ్ళకి నచ్చకపోతే ప్రాజెక్టు మూసేసి ఆమెని మళ్ళీ తప్పులు వెతికే బల్ల దగ్గరికే పంపుతాననీ చెప్పి ఒప్పుకున్నాడు.

ఆ పని మీద ఆమెకి అంత పట్టుదల ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. అంతకు ముందు ఏడాది మా ఆయన బజారులో గుండె నొప్పితో కూలబడ్డారు. అదే సమయానికి నాలుగు రోడ్ల కూడలిలో ఏదో ప్రమాదం జరిగింది. చూసినవాళ్ళంతా ఫోన్లు చేశారు. పాత సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫోన్‌నీ ఒక్కో ప్రమాదంగా లెక్కేసి బండ్లన్నీ అక్కడికే తోలింది. నేను పెళ్ళికి ముందు నుంచి రిటైరయ్యే దాకా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరందరికీ లైన్లు కలిపినదాన్ని. ఆ రోజు దుకాణం మెట్ల మీద ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఎన్నిసార్లు ఫోన్ చేసినా బండి లేదనే అన్నారు. చివరికి ఆటోలో తీసుకెళ్ళాం. ఆయన బతికారు, మెట్లెక్కితే ఆయాసపడతారు. అప్పుడు ఆసుపత్రి వరండాలో మా కోడలు ఏడవలేదు, అదేం సాఫ్ట్‌వేరో కనుక్కుంది.

ఆమె పని నేను రోజూ చూసేదాన్ని. కంప్యూటర్లో ఎడమ పక్కన సెషన్లు, అంటే ఒక్కో ఏజెంటుకి అప్పగించిన ఒక్కో పని, వరసగా ఉంటాయి. ఒకదానికి మ్యాపు పని, ఒకదానికి బండ్ల పని, ఒకదానికి పాత కాల్స్ వెతికే పని. ఒకటి చేసేది ఇంకొకదానికి తగలకుండా ప్రతి సెషన్‌కీ మొత్తం కోడుకి సొంత నకలు ఇస్తారు. కుడి పక్కన అది ఏం తీసేసిందో ఎర్రగా, ఏం చేర్చిందో పచ్చగా కనిపిస్తుంది. ఆమె ఆ ఎరుపూ పచ్చా లైను లైనూ చదివి, నచ్చితేనే అసలు కోడులో కలుపుతుంది.

"పని పూర్తయింది, పరీక్షలన్నీ నెగ్గానని అదే చెబుతోంది కదా, మళ్ళీ చదవడమెందుకే?" అన్నాను ఒకసారి.

"మామయ్య కూడా రోజూ గేటు వేశానంటారు కదా అత్తయ్యా" అంది.

మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. నేను వెళ్ళి గేటు వేసొచ్చాను.

అసలు చిక్కు ఒకే చోటు నుంచి వచ్చే ఫోన్ల దగ్గర వచ్చింది. ఒక ప్రమాదం గురించి పదిమంది చేస్తే దాన్ని ఒక్కటిగానే లెక్కేయాలి. ఆ పని ఒక సెషన్‌కి అప్పగించింది. అది చిటికెలో రాసి, పరీక్షలు నెగ్గానంది. చదివి చూస్తే, ఒకే చిరునామా నుంచి వచ్చిన ఫోన్లన్నిటినీ అది కలిపేస్తోంది.

"ఒకే మేడలో పైన ఒకాయనకి గుండె నొప్పి, కింద ఒకావిడకి పురిటి నొప్పులు. ఒక్క బండి పంపుతావా?" అని దానికి టైపు చేసింది. అది ఎంతో మర్యాదగా తప్పు ఒప్పుకుని, అంతస్తు అడిగేలా మార్చింది. కంగారులో ఉన్నవాళ్ళు అంతస్తు చెబుతారా? చెప్పనివాళ్ళందరినీ మళ్ళీ కలిపేసింది. అప్పుడు మా కోడలు దాన్ని పక్కన కూర్చోమని, అదే సెషన్ నకల్లో ఆ భాగం తన చేత్తో రాయడం మొదలుపెట్టింది. వంట మా అబ్బాయికి అప్పజెప్పింది. వాడి వంట తింటూ మేమూ త్యాగం చేశాం.

ఆ భాగం పూర్తయిన మర్నాడు శనివారం. పొద్దున్నే టీ తాగుతూ, అయిపోయిన సెషన్లని సర్దుతోంది. ఒక్కోదాన్ని మూసేస్తుంటే కంప్యూటరు, ఇందులో కమిట్ చేయని మార్పులున్నాయి, తీసేయనా అని అడుగుతోంది. కమిట్ చేయడమంటే ఇది ఉండాలి, దాచు అని చెప్పడం. ఏజెంట్లు వదిలేసిన చిత్తు ముక్కలే కదా అని ఆమె సరే, సరే అంటూ నొక్కుకుంటూ పోయింది. అదే ఊపులో తను రాసిన సెషన్‌కీ సరే నొక్కేసింది.

కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడుకి నేను వంటింట్లోంచి వచ్చాను. ఆమె తెర వైపే చూస్తోంది.

"ఏమైందే?"

"నేను రాసింది పోయింది అత్తయ్యా. నా చేత్తో నేనే తీసేశాను."

"చెత్తబుట్టలో ఉంటుందేమో చూడమ్మా" అన్నారు మా ఆయన.

"నకలుతో సహా పోయింది మామయ్యా. వాటి పని వంద సార్లు చూసి దాచాను. నాది నేను దాచుకోలేదు."

తిడదామని నోటిదాకా వచ్చింది, ఆమె కళ్ళు చూసి మింగేశాను. వెంటనే మేనేజరుకి ఫోన్ చేసింది. దాచిపెట్టే రకం కాదు.

"దానికేముంది, ఏజెంటుకి చెప్పండి, పది నిమిషాల్లో రాసిస్తుంది" అన్నాడతను.

"రెండు సార్లు రాసింది సర్. రెండు సార్లూ మనుషుల్ని కలిపేసింది."

"అయితే ఆ భాగం వదిలేయండి. మ్యాపు చూపిద్దాం. మ్యాపు బాగుంది."

"అది లేకుండా చూపించేదైతే నేను రాను సర్. మళ్ళీ రాస్తాను."

"రేపొక్క రోజే ఉంది."

"ఇవాళ కూడా ఉంది" అని పెట్టేసింది.

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీదా, అతని మీదా, ఆ యంత్రం మీదా. కానీ కోపంతో ఆమెకేం ఉపయోగం? "నాకేదైనా పని చెప్పు" అన్నాను. తను ఆపరేటరుగా కూర్చుని, మమ్మల్ని ఫోన్ చేసేవాళ్ళుగా నటించమంది. మా ఆయన ఇలాంటి అవకాశం కోసం పుట్టినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నట్టున్నారు. "అయ్యో, మా ఆవిడ పడిపోయిందండీ, ఇక నాకెవరు దిక్కు!" అని వీధి దాకా వినపడేలా అరిచారు.

"అంతస్తెంత సార్?" అంది కోడలు.

"అంతస్తు తర్వాత, ముందు బండి పంపు తల్లీ!"

మేం నవ్వాం కానీ ఆమె నవ్వలేదు. ఆమె మొదట రాసిన దాంట్లో బోలెడు ప్రశ్నలుండేవట. అవన్నీ వదిలేసి ఒక్కటే ఉంచింది: "ఎవరికి బాగాలేదు?" ఆ జవాబు, అదే మేడ నుంచి ముందొచ్చిన ఫోన్ జవాబు పక్కనే ఆపరేటరు కళ్ళ ముందు కనిపిస్తుంది. కలపాలో వద్దో మనిషే తేల్చాలి. ఇంకో సెషన్ తెరిచి, ఇది ఎక్కడ తప్పు చేస్తుందో వెతకమని ఏజెంటుకి చెప్పింది. జవాబు చెప్పకముందే లైను తెగిపోతే ఏం చేయాలో ఇందులో లేదని అది పట్టేసింది. "థాంక్యూ రా నాన్నా" అంది దానితో. నన్నెప్పుడూ అంత ముద్దుగా పిలవలేదు. జవాబు లేకపోతే ఇంకో మనిషనే అనుకుని బండి పంపాలని రాసింది. నాలుగు లైన్లు రాసినప్పుడల్లా కమిట్ నొక్కింది. ఆదివారం దీపాలు పెట్టే వేళకి పూర్తయింది. పోయిన దానికన్నా చిన్నగా వచ్చిందని ఆమే చెప్పింది.

సోమవారం కాల్ రూమ్ సూపర్‌వైజరు అంతా చూసి, "ఈ ప్రశ్న అడగడం ఆలస్యం కదమ్మా? అదే కలిపేసుకునేలా పెట్టలేవా?" అన్నాడట. మేనేజరు ఈమె వైపు చూశాడట.

"పెట్టగలను సర్. పెట్టను" అందట మా కోడలు. "ఎక్కువైన బండిని వెనక్కి పిలవచ్చు. కలిపేసిన మనిషి మళ్ళీ మీకు కనపడడు."

సూపర్‌వైజరు, సరే, కొన్నాళ్ళు వాడి చూస్తామన్నాడు. ఆ కొన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా ఆమె ఉలిక్కిపడేది. మొండితనం తగ్గిందేమో అనుకున్నాను కానీ, భయపడుతోందని తర్వాత అర్థమైంది.

ఒక మధ్యాహ్నం నేను కూరలు తరుగుతుంటే సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. ఆమె స్పీకరు పెట్టింది. పొద్దున ఒక మేడ నుంచి ఫోన్ వచ్చిందట, ముసలాయన మెట్ల మీద జారాడని. బండి బయల్దేరింది. వెంటనే అదే మేడ నుంచి ఇంకో ఫోన్. చిన్నపిల్ల గొంతు. అంతస్తు తెలియదు, తలుపు నంబరు తెలియదు, ఏడుపొకటే. ఆపరేటరు తెర మీదున్న ప్రశ్న చదివిందట, ఎవరికి బాగాలేదు అని.

"'మా అమ్మకి' అందమ్మా ఆ పిల్ల. రెండో బండి పంపాం. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టర్లు. ఆవిడా, ఆ ముసలాయనా ఇద్దరూ బాగానే ఉన్నారు."

మా కోడలు ఫోన్ పెట్టేసి, వంటింటి గచ్చు మీద నా పక్కన చతికిలబడింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"కలిపేయలేదు అత్తయ్యా" అంది. "వాళ్ళమ్మని ఎవరితోనూ కలిపేయలేదు."