సెలవు రోజు తరిగిన డీజిల్

హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమెను అందరూ స్టోరమ్మ అనేవారు. సబ్బుపొడి దగ్గర్నుంచి సూదీదారం దాకా అన్నీ పంతొమ్మిదేళ్ళుగా ఆమె చేతి మీదుగానే వెళ్ళేవి.

ఒకరోజు పెద్ద హోటలు నుంచి ఓ ఫారం వచ్చింది. మీ పని వల్ల ఏడాదికి ఎంత కార్బన్ గాలిలో కలుస్తోంది, దాన్ని ఎలా తగ్గిస్తారు, రాసి పంపమన్నారు. యజమాని దాన్ని ఆమె బల్ల మీద పడేసి, "ఏదో ఒక అంకె వేసి పంపేయమ్మా" అన్నాడు.

ఏదో ఒక అంకె వేయడం ఆమెకు చేతకాదు. కరెంటు లెక్క బిల్లులో ఉంది. వ్యానులో, బాయిలర్‌లో కాలే డీజిల్ యజమాని నేరుగా తెప్పిస్తాడు, దాని లెక్కే ఎవరి దగ్గరా లేదు. వ్యాను డ్రైవర్ని అడిగితే, "బండి ఎంత తాగితే అంత" అన్నాడు. బాయిలర్ చూసుకునే బాబాయ్‌ని అడిగితే ట్యాంకు మీది కొలత ముల్లు వైపు చూపించాడు. అది ఎప్పుడో బిగుసుకుపోయి, ట్యాంకు ఎండినా నిండినా సగమే చూపిస్తోంది.

ఇంట్లో భర్త నవ్వాడు. "పొగని ఏ తక్కెడలో తూస్తావే?"

"పొగని తూచక్కర్లేదండీ. లీటరు డీజిల్ కాలితే రెండున్నర కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుందట. ఎన్ని లీటర్లు తగలేశామో తెలిస్తే చాలు. అదే ఎవరూ చెప్పి చావడం లేదు."

చివరికి ఓ కర్రకి గీతలు గీసుకుని, పని రోజుల్లో ఉదయం, సాయంత్రం తనే ట్యాంకులో ముంచి చూసింది. మూడు వారాలకే ఓ వింత బయటపడింది. లాండ్రీ మూసి ఉండే సెలవు రోజున కూడా డీజిల్ నాలుగు వేళ్ళు తరుగుతోంది.

"దొంగ ఇంట్లోనే ఉన్నాడన్నమాట" అన్నాడు యజమాని.

సెలవు నాడు ఆమె స్వయంగా వెళ్ళింది. బాయిలర్ సన్నగా మండుతోంది. పక్కనే బాబాయ్ కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు.

"ఎవరి కోసం బాబాయ్ ఈ మంట?"

"ఓసారి పని మొదలయ్యేసరికి ఆవిరి అందక దుప్పట్లు ఆలస్యమయ్యాయి. సెలవైనా ఆర్పొద్దన్నారు అయ్యగారు. పదకొండేళ్ళయింది."

మర్నాడు యజమాని తల పట్టుకున్నాడు. "అన్నాను సరే. ఎప్పటికీ అన్నానా?"

"ఆర్పమని మళ్ళీ అనలేదు కదండీ" అన్నాడు బాబాయ్.

స్టోరమ్మకి ఎవర్ని తిట్టాలో తెలియలేదు. సెలవు మంట ఆర్పించింది, పని రోజు గంట ముందు వెలిగించే ఏర్పాటు చేసింది, ఆవిరి గొట్టాలకు వేడి పోకుండా తొడుగులు వేయించింది. నెలలో డీజిల్ ఎనిమిదో వంతు తగ్గింది. ఎన్నడూ లేనంత సరైన లెక్కతో ఫారం పంపింది.

హోటలు జవాబు వచ్చింది: నిరుడు ఇరవై టన్నులన్నారు, ఇప్పుడు ఎనభై ఎలా అయింది?

ఆమె కాగితం యజమాని ముందు పెట్టింది. ఆయన సీలింగు వైపు చూస్తూ, "నిరుడు మరి ఏదో ఒకటి రాయాలిగా" అన్నాడు.

"అయితే అదే రాద్దాం. ఇరవై ఊహ, ఎనభై కొలత. సంతకం పెట్టండి."

"పరువు పోతుందమ్మా."

"వచ్చే ఏడు ఈ ఎనభై డెబ్భై అవుతుంది. అప్పుడు తిరిగొస్తుంది లెండి."

గొణుక్కుంటూ పెట్టాడు. హోటలు వాళ్ళు ఒప్పుకున్నారు, పైగా ఇకనుంచి నెలనెలా పంపమన్నారు. ఆమె నెత్తి కొట్టుకుని కొత్త పుస్తకం తెరిచింది.

తర్వాతి నెలలో బాబాయ్ భార్య లాండ్రీకి వచ్చింది. "సెలవొస్తే ఇంట్లో కూర్చుని నా వంటకి వంకలు పెడుతున్నాడమ్మా. వెలిగించడానికి ఇంకేమీ లేవా మీ దగ్గర?"

"ఒక్కటి కూడా లేదు పిన్నీ" అంది స్టోరమ్మ.