పళ్లెంలోకి రాని బిళ్లలు

మొన్న మా దీవిలో ఫీనిక్స్ బే రేవు దగ్గర బోటు టికెట్ల వరుసలో నిలబడ్డాను. నా ముందున్న ముసలాయన లుంగీ పైకి లాక్కుని మోకాలికి బామ్ రాసుకుంటున్నాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే రెండడుగులు వెనక్కి జరిగాను. ఇంత చిన్న వాసనకు ఇంత బెదురేమిటే అని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ ఏం చేయను? ఆ వాసన వెనకాలే సుభద్ర డాక్టరమ్మ గుర్తొచ్చేస్తారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. మీలో ఎవరికీ ఆవిడ తెలియరు. తెలిసి ఉంటే ఒక్కసారైనా ఆవిడ చేత చీవాట్లు తిని ఉండేవారు.

బ్రూక్షాబాద్ వైపున్న మా చిన్న ఆరోగ్య కేంద్రంలో నేను నర్సుగా చేరేసరికి ఆవిడే అక్కడ పెద్ద డాక్టరు. ఆవిడ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినాయన. ఆవిడ మాత్రం పుట్టడం, పెరగడం, అందరినీ తిట్టడం అన్నీ ఇక్కడే. షుగరు, బీపీ, గుండె, కిడ్నీ అన్నీ ఒకే ఒంట్లో మూటగట్టుకున్నవాళ్లను గురువారం రమ్మనేవారు. అలాంటివాళ్లకు ఇక్కడ కొన్ని మందులు, పెద్దాసుపత్రిలో కొన్ని, సముద్రం దాటి మెయిన్‌లాండ్ వెళ్లొస్తే మరికొన్ని పోగుపడతాయి. ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రావాలి. ఇంట్లో వంట చేసేవాళ్లు వెంట రావాలి. బల్ల మీద పెద్ద స్టీలు పళ్లెం పెట్టి, మందులన్నీ అందులో కుమ్మరించేవాళ్లం. చుట్టూ డాక్టరమ్మ, నేను, మందులిచ్చే తపన్ భయ్యా, ఫిజియోథెరపీ చేయించే గ్రేస్. మధ్యలో రోగి. నా మొదటి గురువారం నాడు నేను తపన్ భయ్యా చెవిలో రోగి గురించి ఏదో గొణిగాను. డాక్టరమ్మ బల్ల మీద ఒక్క చరుపు చరిచారు. "ఏయ్ అమ్మాయ్, ఆయన ఒంటి సంగతి ఆయనకు వినపడకుండా మాట్లాడతావా? బయటికి పో!" నేను నిజంగానే బయటికి వెళ్లి కూర్చుని ఏడ్చాను. కాసేపటికి ఆవిడే టీ పంపించారు.

మా వీధిలోనే ఉండే సింహాచలం బాబాయి ఆ గురువారాలకు వచ్చేవాడు. ద్వీపాల మధ్య తిరిగే ఓడ ఇంజన్ రూములో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. గుండె నీరసించి ఒంట్లో నీరు చేరేది. ఆ నీరు లాగడానికి మందు పెంచితే కిడ్నీలు ఎండిపోయేవి. గుండె డాక్టరు పెంచమంటే, కిడ్నీ డాక్టరు తగ్గించమనేవాడు. మధ్యలో బాబాయి భార్య నరసమ్మ పిన్ని నలిగిపోయేది. "ఒకాయన నీరు లాగీమంటాడు, ఇంకొకాయన వొద్దంటాడు. నానెవుల మాట ఇన్నాలమ్మా?" అని ఒక గురువారం పళ్లెం ముందు గొల్లుమంది. డాక్టరమ్మ అప్పటికప్పుడు ఆ ఇద్దరు డాక్టర్లనూ ఒకే ఫోన్లోకి లాగారు. "మీరిద్దరూ ఒక మాట మీదికి వస్తారా, లేకపోతే ఈవిణ్ణి మీ ఇళ్లకు పంపించమంటారా?" అని కసురుకున్నారు. వాళ్లు ఒక మాట మీదికి వచ్చారు. మందు ఎంతో తేలింది. రోజూ పొద్దున్నే బరువు చూసుకోవడం, పెరిగితే నాకు చెప్పడం, ఇంట్లో ఎండుచేప మానేయడం అన్నీ తేలాయి. ఎండుచేప దగ్గర మాత్రం బాబాయి మొరాయించాడు. "అది నేకపోతే అదేటి కూడమ్మా?" "బతికుంటేనే కదయ్యా కూడు!" అన్నారావిడ. బాబాయి నవ్వి ఒప్పుకున్నాడు. ఆయన కోరింది ఒక్కటే. "నా ఇంట్లో నానుండాల. ఆస్పత్రి మంచం మీద సావు నాకొద్దు." ఆ కోరిక కోసమే మేమందరం ఏళ్ల తరబడి ఆయన్ని కాచుకున్నాం.

ఒక వానాకాలం ఉన్నట్టుండి ఆయన కాళ్లు పొంగిపోయాయి. ఊపిరి అందలేదు. రక్తం పరీక్ష కాగితాన్ని డాక్టరమ్మ రెండుసార్లు చదివారు. కిడ్నీలు చేతులెత్తేశాయి. మందులు అవే, తిండి అదే, ఏమీ మారలేదని పిన్ని ఒట్టేసి చెప్పింది. మంచం మీదికి మార్చబోతుంటే గ్రేస్‌కు బాబాయి మోకాళ్ల నుంచి బామ్ వాసన కొట్టింది. చొక్కా జేబులో సగం వాడిన బిళ్లల అట్ట దొరికింది. ఇదేంటని అడిగితే బాబాయి ఆశ్చర్యపోయాడు. "అది మందు కాదమ్మా, నొప్పి బిళ్ల. మా బామ్మర్ది వైజాగ్ నుంచి తెచ్చినాడు." గుండె, కిడ్నీ రెండూ నీరసించిన ఒంటికి ఆ నొప్పి బిళ్లలే విషం. ఇంజన్ రూమువాళ్లు నొప్పి బిళ్లలు బీడీల్లా పంచుకునేవారట. నోట్లో వేసుకుని డ్యూటీకి దిగేవారట. వాళ్ల లెక్కలో మోకాలి నొప్పి జబ్బు కాదు, దానికి మింగేది మందు కాదు. అందుకే ప్రతి గురువారం సంచి పళ్లెంలోకి ఒంపినా జేబు ఒంపలేదు. దాచాలనీ కాదు, పాపం.

ఆ సాయంత్రం డాక్టరమ్మ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టారు. "హమ్ నే నహీ దియా, మేడం" అన్నాడు తపన్ భయ్యా. మేమివ్వలేదు అని. బరువు నేను చూస్తూనే ఉన్నానన్నాను. మోకాళ్ల కోసం ఆయన్ని నా దగ్గరికి ఎవరూ పంపలేదంది గ్రేస్. ఆవిడ మా ముగ్గురినీ మార్చి మార్చి చూశారు. "గుండె ఒకరి వాటా, కిడ్నీ ఒకరి వాటా, బరువు నీ వాటా. మరి మనిషి ఎవరి వాటారా?" అని అరిచారు. తరువాత మెల్లగా అన్నారు. "నేనూ అడగలేదు. ఎక్కడ నొప్పి అని ఒక్కసారి అడగలేదు."

డయాలసిస్ చేయించాం. ప్రతిసారీ మధ్యలో బీపీ పడిపోయేది. ఆ గుండె తట్టుకోలేకపోయింది. ఇంక వద్దు, ఇంటికి తీసుకుపొమ్మని బాబాయి పిన్ని చెయ్యి పట్టుకున్నాడు. చెన్నై పంపిద్దామన్నాడు తపన్ భయ్యా. నేనూ అదే అన్నాను. "పంపితే బతుకుతాడా? సచ్ బోలో, నిజం చెప్పండి" అన్నారావిడ. తపన్ భయ్యా తల అడ్డంగా ఊపాడు. "అయితే ఆయన అడిగింది ఇద్దాం. నరసమ్మ ముందు మాత్రం తలా ఒక మాట అన్నారో, చంపేస్తాను."

ఇంటికి అందరం కలిసే వెళ్లాం. ఇంక ఎక్కువ రోజులు లేవని డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పారు. పిన్ని ఏడవలేదు. "అందరిదీ ఒకటే మాటేనా?" అని మా మొహాల్లోకి ఒక్కొక్కటిగా చూసింది. ఒక్కొక్కరం అవునన్నాం. నా ఉద్యోగంలో అంత కష్టమైన మాట మళ్లీ అనలేదు. తరువాత డాక్టరమ్మ మంచం పక్కన నేల మీద చతికిలబడ్డారు.

"ఎక్కడ నొప్పి, సింహాచలం గారూ?"

బాబాయి కళ్లు తెరిచి నవ్వాడు. "ఇప్పటికడిగినారా, డాక్టరమ్మా? మోకాళ్లమ్మా. ఓడ దిగినకాణ్ణించీ."

ఆవిడ ఆ మోకాళ్ల మీద రెండు చేతులూ వేసి మెల్లగా నొక్కుతూ ఉండిపోయారు. కన్నీళ్లు తుడుచుకోలేదు. ఆ వారంలోనే బాబాయి తన ఇంట్లో, పిన్ని గంజి తాగిస్తుండగా పోయాడు. ఆయన కోరింది దక్కింది. కానీ ఇంకొన్నేళ్లు ఆ ఇంట్లో తిరగాల్సిన మనిషి. దానికి నాకింకా కడుపు మండుతుంది.

ఇప్పుడు గురువారాలు నేను నడుపుతున్నాను. సంచి ఒంపకముందే మనిషిని అడుగుతాం, ఎక్కడ నొప్పి అని. నేనడుగుతాను, తపన్ భయ్యా అడుగుతాడు, గ్రేస్ అడుగుతుంది, కొత్త డాక్టరు కూడా అడగాల్సిందే. మొన్న ఒక పెద్దావిడ విసుక్కుంది. "ఒకలికి సెప్పీసినాను కదమ్మా! మళ్లీ నువ్వేటి?"

"నాకూ చెప్పు, పెద్దమ్మా" అన్నాను.